కిడ్నీ దాతకు రక్తనాళాల స్కాన్ ఎందుకు?

"అమ్మ కిడ్నీ ఇస్తానంటోంది. బ్లడ్ గ్రూపు కలిసింది. ఇంకా ఈ స్కాన్ ఎందుకండీ?" అని కుటుంబసభ్యులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. స్కాన్‌లో ఒక కిడ్నీకి రెండు ధమనులున్నాయని చెబితే కంగారు పడతారు. అందుకే ఈ వివరాలు.

అదనపు ధమని జబ్బా?

కాదు. గుండె నుండి వచ్చే పెద్ద ధమని కడుపులోకి దిగి, ఒక్కొక్క కిడ్నీకి ఒక్కొక్క శాఖను ఇస్తుంది. అయితే సుమారు నలుగురిలో ఒకరికి కనీసం ఒకవైపు రెండు లేక అంతకన్నా ఎక్కువ శాఖలుంటాయి. తల్లి గర్భంలో కిడ్నీలు పొత్తికడుపు దగ్గర ఏర్పడి మెల్లగా పైకి చేరతాయి. దారిలో కొత్త ధమనులు వస్తూ, పాతవి పోతూ ఉంటాయి. పోవలసినది మిగిలిపోతే అదే అదనపు ధమని. సాధారణంగా దీనివల్ల ఏ బాధా ఉండదు.

ఆపరేషన్‌లో చిక్కేమిటి?

కిడ్నీలో ప్రతి ధమనీ తన భాగానికి మాత్రమే రక్తం ఇస్తుంది. ఒక మడికి ఒకే కాలువ ఉన్నట్టన్నమాట. అది మూసుకుపోతే పక్క ధమని ఆదుకోలేదు, ఆ భాగం చచ్చుపడుతుంది. ముందుగా తెలియని ధమని తెగితే దాతకు రక్తస్రావం కావచ్చు. కిడ్నీ కింది కొసకు వెళ్లే సన్నని ధమని మూత్రనాళాన్ని కూడా పోషిస్తుంది. అది దెబ్బతింటే, అమర్చిన తరువాత మూత్రం లోపల కారిపోవచ్చు. సన్నని నాళాల అతుకుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది.

డాక్టర్లు ఏం చేస్తారు?

మన దేశంలో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో జరిగింది. పూర్వం దాత తొడ దగ్గరి ధమనిలోకి సన్నని గొట్టం పంపి ఎక్స్‌రేలు తీసేవారు. ఇప్పుడు చేతి నరానికి మందు ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్‌లో ధమనులు, సిరలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఎడమ కిడ్నీకి సిర పొడవుగా ఉంటుంది కనుక సాధారణంగా దానినే తీసుకుంటారు. ఎడమవైపు ధమనులు ఎక్కువగా ఉంటే కుడి కిడ్నీ గురించి ఆలోచిస్తారు. ఏది ఎలా ఉన్నా, రెండింటిలో మెరుగైనది దాతకే మిగలాలి. రెండు ధమనులున్న కిడ్నీనే తీసుకోవలసివస్తే, దానిని చల్లని ద్రావణంతో కడిగి, రెండు ధమనులను కలిపి ఒకే నోరుగా కుట్టవచ్చు, లేదా చిన్నదానిని పెద్దదాని పక్కకు అతకవచ్చు. అనుభవమున్న సర్జన్లు చేస్తే ఇలాంటి కిడ్నీలు కూడా చక్కగా పనిచేస్తాయి.

మీరు గుర్తుంచుకోవలసినవి

• ఇదివరకు స్కాన్ మందు పడకపోయినా, ఉబ్బసం ఉన్నా, గర్భం ఉందేమోనన్న అనుమానమున్నా ముందే చెప్పండి.
• వాడుతున్న మందుల చీటీలన్నీ తెచ్చి చూపించండి.
• "స్కాన్ లేకుండా కానివ్వండి" అని తొందరపెట్టకండి.

ఒక్కోసారి ఈ దాత వద్దు, మరొకరిని చూద్దామని డాక్టరు చెప్పవచ్చు. అంతమాత్రాన ఆ దాత మనసులో గానీ, ఆరోగ్యంలో గానీ లోపమున్నట్టు కాదు. ఇంట్లో ఎవరూ వారిని నిష్ఠూరమాడవద్దని మా మనవి.