ఒక్క పత్రం బరువు

ఎర్ర స్కెచ్‌పెన్నుతో కాగితం మీద ‘నీలం’ అని రాయండి. ఆకుపచ్చ పెన్నుతో ‘ఎరుపు’, నీలం పెన్నుతో ‘ఆకుపచ్చ’ అని రాయండి. ఇలా ఇరవై మాటలు పేర్చి, మాటను చదవకుండా సిరా రంగు మాత్రమే గబగబా చెప్పమని ఇంట్లో ఎవరినైనా అడగండి. నాలుక తడబడుతుంది. తెలుగు చదవడం రాని స్నేహితుడికి ఆ ఇబ్బంది ఉండదు. అతని కంటికి అవి ఉత్త గీతలే. చదవడం వచ్చినవాళ్లకు మాత్రం అక్షరం కనబడగానే, వద్దన్నా మాట మనసులో పలుకుతుంది.

ఈ తడబాటును కొలిచి చూపినవారు అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన జాన్ రిడ్లీ స్ట్రూప్. 1935లో అచ్చయిన ఆయన పత్రంలో వందమంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఉంది. వంద రంగు చతురస్రాల రంగులు చెప్పడానికి వాళ్లకు సగటున 63.3 సెకన్లు పట్టింది. పొంతన లేని రంగుల్లో అచ్చువేసిన వంద మాటల దగ్గరికి వచ్చేసరికి అది 110.3 సెకన్లయింది. రంగును పట్టించుకోకుండా మాటలను చదవమన్నప్పుడు మాత్రం పెద్దగా ఆలస్యం కాలేదు. చదువు ఏళ్ల సాధనతో అలవాటైపోయిన పని. రంగు పేరు కంటే ముందే మాట నోటిదాకా వస్తుంది. దాన్ని ఆపి, రంగు పేరును వెతికి పలకాలి. ఆ అదనపు సమయం అందుకే.

ఆ తర్వాత స్ట్రూప్ మనోవిజ్ఞాన పరిశోధనను దాదాపు వదిలేసి, నాష్‌విల్‌లోని డేవిడ్ లిప్‌స్కంబ్ కళాశాలలో బైబిలు బోధనకు అంకితమయ్యారు. ఆయన మనోవిజ్ఞాన పత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. చాలాకాలం వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1960ల్లో, మనసు సమాచారాన్ని ఎలా నడుపుతుందో పరిశీలించే కాగ్నిటివ్ సైకాలజీ ఎదిగినప్పుడు, ఆ పాత ప్రయోగం అందరి చేతికీ వచ్చింది. 1991లో కాలిన్ మెక్‌లౌడ్ రాసిన సమీక్ష ఒక్కటే సుమారు 400 అధ్యయనాలను పరిశీలించింది. మెదడుకు దెబ్బ తగిలినవారి ఏకాగ్రతను అంచనా వేయడానికీ ఇలాంటి పరీక్షలే వాడతారు.

ఇప్పుడు ఇదే పనిని నేటి తూకంలో వేసి చూద్దాం. ఒక పత్రాన్ని మరో పత్రం ఆధారంగా పేర్కొంటే అది ఒక సైటేషన్. వీటితో శాస్త్రవేత్తను అంచనా వేయడానికి భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించారు. ఒకరి ఐదు పత్రాలకు వరసగా 90, 40, 12, 3, 1 సైటేషన్లు వచ్చాయనుకోండి. కనీసం మూడేసి సైటేషన్లున్న పత్రాలు మూడైనా ఉన్నాయి, కనీసం నాలుగేసి ఉన్నవి మాత్రం నాలుగు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 3. ఆ 90 తొమ్మిది వేలయినా సూచీ మూడు దగ్గరే ఆగుతుంది.

అంటే రాసిన పత్రాల సంఖ్యను హెచ్-ఇండెక్స్ ఎన్నటికీ దాటలేదు. స్ట్రూప్ పత్రం ఎన్ని వేల చోట్ల ప్రస్తావనకు వచ్చినా ఆయన సూచీ చిన్నదే. పత్రికలను తూచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సాధారణంగా గత రెండేళ్ల పత్రాలనే లెక్కలోకి తీసుకుంటుంది. ముప్పై ఏళ్లు నిద్రపోయి లేచిన పని దానికి అందదు.

హెచ్-ఇండెక్స్ పనికిరానిదని కాదు. ఏళ్ల తరబడి నిలకడగా పనిచేసేవారిని అది చక్కగానే చూపుతుంది. కానీ ఆ అంకె ఎంత పని సాగిందో చెబుతుంది తప్ప ఆలోచన ఎంత లోతైనదో చెప్పదు. ఉద్యోగాలకూ పదోన్నతులకూ ఎంపిక చేసేవారు అభ్యర్థిని అంకెతోపాటు మరొకటి అడగాలి: మీ పనిలో మీకు అన్నిటికన్నా విలువైనదనిపించే ఒక్క పత్రం ఇవ్వండి. ఇచ్చాక దాన్ని చదవాలి. ముప్పై ఏళ్ల పాత పత్రాన్ని ఎవరో తెరిచి చదివారు కాబట్టే స్ట్రూప్ ప్రయోగం మనదాకా వచ్చింది.