ఆయమ్మకు ఆరు చిట్టి చేతుల గుడ్డ

చీరాల చేనేత ఇళ్లలో ఏ చీరా ఒక్కరి చేతుల మీదుగా దిగదు. ఆడవాళ్లు కండెలు చుడతారు. పడుగుకు గంజి పట్టించేటప్పుడు ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వేస్తారు. అచ్చు అతకడానికి మరొకరు కూర్చుంటారు. అప్పుడు గానీ నేతగాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నాడె ఆడించడు. ఒకప్పుడు ఇక్కడి నుంచి అరబ్బు దేశాలకు వెళ్లిన తేలియా రుమాలు కూడా అలా నలుగురి పనితనమే. నూలును నూనెలో, బూడిద నీళ్లలో నానబెట్టడం, చిటికీలు కట్టడం, రంగులో ముంచడం, నేయడం అన్నీ కలిస్తేనే అది రుమాలు.

ఆ వీధుల్లో అంగన్‌వాడీకి వచ్చే చిన్నపిల్లలు కూడా తలా ఒక చెయ్యి వేసి ఒక గుడ్డ తయారు చేయగలరు. వాళ్లు నేయలేరు, రంగు అద్దగలరు. రోజూ అన్నం పెట్టి, మూతి తుడిచి, ఏడిస్తే ఎత్తుకునే ఆయమ్మకు దాన్ని కానుకగా ఇవ్వగలరు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఇన్నేళ్లుగా ఇలాంటి ఆయమ్మల చేతుల మీద నడుస్తోంది. ఆ చేతులకు పిల్లల చేతులతోనే కృతజ్ఞత చెప్పించడం ఎంతో సబబు. అయితే ఆ పని ఎలా చేయించాలో తెలియాలంటే, ముందు పసిపిల్లల గీత సంగతి తెలియాలి.

ఏడాదిన్నర బిడ్డకు బలపం ఇస్తే భుజం దగ్గర నుంచి చెయ్యంతా ఊపి గీస్తుంది. తన చెయ్యి కదిలితే పలక మీద గుర్తు పడిందన్నదే దానికి వింత. క్రమంగా మోచెయ్యి, తరవాత మణికట్టు స్వాధీనంలోకి వస్తాయి. మూడేళ్లు వచ్చేసరికి గుండ్రంగా తిప్పిన గీత రెండు కొసలూ కలుస్తాయి. ఇంకొన్నాళ్లకు ఆ సున్నాకు కింద రెండు కాళ్లు మొలుస్తాయి. తోకకప్పలా ఉండే ఆ బొమ్మే అమ్మ, ఆ బొమ్మే ఆయమ్మ. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళా విద్యావేత్త 1947లో ప్రచురించిన పుస్తకంలో ఈ మెట్లను వివరంగా రాశారు.

కాబట్టి రెండేళ్ల పిల్లను పువ్వు వెయ్యమనడం న్యాయం కాదు. టీచరే పువ్వు గీసి, పిల్ల చేత రంగు నింపించి, అంచులు తాను దిద్దితే ఆ కానుక టీచరుది అవుతుంది. అక్షరాభ్యాసం నాడు పెద్దవాళ్లు బిడ్డ చెయ్యి పట్టుకుని బియ్యంలో దిద్దిస్తారు. అక్షరానికి అది తగినదే. కృతజ్ఞతకు మాత్రం ఆ చెయ్యి వదిలెయ్యాలి.

ఇంత చిన్నవాళ్లు కలిసి పనిచేస్తారా అన్నది మరో సందేహం. పిల్లల ఆటలను గమనించిన మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లో వాటిని కొన్ని రకాలుగా విడదీశారు. రెండు మూడేళ్ల వాళ్లలో ఎక్కువగా కనిపించేది పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం. పైకి ఎవరికి వారే, కానీ కన్ను మాత్రం పక్కవాడి చేతి మీదే ఉంటుంది. ఒక దుప్పటి చుట్టూ ఆరుగురిని కూర్చోబెడితే చాలు. ఎవరి మూల నుంచి వాళ్లు మొదలుపెడతారు, కాసేపటికి ఒకరి పసుపు మరొకరి ఎరుపు మీదికి వస్తుంది. పిల్లల వేళ్ల గీతలు ఈనాటివి కావు. ఫ్రాన్స్‌లోని రూఫిన్యాక్ గుహలో మెత్తటి గోడల మీద ఏనాడో వేళ్లతో లాగిన చారలున్నాయి. వాటిలో చాలా గీతలు చిన్నపిల్లలవని పరిశోధకులు గుర్తించారు. కొన్ని పైకప్పు మీద ఉన్నాయి. అంటే పెద్దవాళ్లెవరో పిల్లల్ని పైకెత్తి పట్టుకున్నారన్నమాట. పెద్దల పని అప్పుడూ ఎత్తుకోవడమే, ఇప్పుడూ అంతే.

మరి రెండేళ్ల బిడ్డకు కృతజ్ఞత తెలుసా? మాటగా తెలియదు. మన ఇళ్లలో అన్నం పెట్టిన అమ్మకు పెద్దవాళ్లమే ధన్యవాదాలు చెప్పం. కానీ ఎదుటివాళ్ల అవసరం గమనించడం, చెయ్యి సాయం చేయడం ఆ వయసుకే మొదలవుతాయి. ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టొమసెల్లో అనే పరిశోధకులు 2006లో చేసిన ప్రయోగంలో ఏడాదిన్నర పిల్లలు ముక్కూమొహం తెలియని మనిషి జారవిడిచిన వస్తువును ఎవరూ అడక్కుండానే తీసి ఇచ్చారు. 2008లో వాళ్లే ఇంకొకటి చూశారు. సాయానికి బహుమతి అందుకున్న పిల్లలు తరవాత సాయం చేయడం తగ్గించారు. బొమ్మల సంగతీ అంతే. 1973లో అమెరికాలోని ఒక శిశు పాఠశాలలో, బొమ్మ వేస్తే బహుమానం ఇస్తారని ముందే తెలిసిన పిల్లలకు తరవాతి రోజుల్లో బొమ్మల మీద మక్కువ తగ్గింది.

అందుకే ఈ గుడ్డకు చాక్లెట్ ఆశ పెట్టకండి, పోటీ పెట్టకండి. రంగు కలిపే ముందు ఒక్క మాట అడగండి: "నిన్న ఆయమ్మ నీకేం పెట్టింది?" "గుడ్డు" అంటుంది బిడ్డ. కృతజ్ఞతకు విత్తనం ఆ జవాబే.

సరంజామా అంతా వంటింట్లోనే ఉంది. ఉతికిన తెల్లటి నూలు గుడ్డ, పడుగుకు పట్టించేలాంటి గంజి, అందులో కలపడానికి పసుపు, ఇంకో గిన్నెలో బీట్‌రూట్ రసం. హోలీ రంగులు వద్దు, పిల్లల వేళ్లు తిన్నగా నోట్లోకే వెళతాయి. మిరపకాయలు తొడిమలు తీసిన చేతులతో పెద్దవాళ్లు రంగు కలపకూడదు. పది పదిహేను నిమిషాలకు మించి కూర్చోబెట్టకండి. రంగులో చెయ్యి పెట్టనని మొరాయించే బిడ్డను బలవంతపెట్టకండి, గుడ్డ అంచు పట్టుకున్నా పాలు పంచుకున్నట్టే. ఆరాక పిల్లలే తలా ఒక కొస పట్టుకుని తీసుకెళ్లి ఇవ్వాలి. పసుపు ఎండకు వెలిసిపోతుంది గనుక గుడ్డను నీడలో వేలాడదీయండి.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. నలుగురి చేతుల పనికి దండం పెట్టే ఆ రోజున మీ వీధి అంగన్‌వాడీలో ఈ పని చేయించి చూడండి. ఆ గుడ్డ మీద పడిన మరక తుడవకండి, వంకర గీత దిద్దకండి. ఆయమ్మకు అందాల్సింది ఆ వంకర గీతే.