వీసీ ఆర్డర్ వేస్తే పని అయిపోతదా? యూనివర్సిటీ అసలు ఎట్లా నడుస్తది?

స్టేషన్ ఘనపూర్ నుంచి భూపాలపల్లి దాకా మన ఏరియాలో డిగ్రీ చదివేవాళ్లలో ఎక్కువమంది సర్టిఫికెట్ మీద ఉండే పేరు కాకతీయ యూనివర్సిటీ. రిజల్ట్ లేటయితే మనం ఫస్ట్ తిట్టేది వీసీని. "ఒక్క ఆర్డర్ వేస్తే అయిపోదా?" అంటాం. కాదు. ఎందుకో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

సాఫ్ట్‌వేర్‌లో 'లూజ్ కప్లింగ్' అనే మాట రోజూ వింటాం. అంటే ఒక్కో భాగం దాని పని అది చేసుకుంటది, మిగతా వాటితో వదులుగా కలిసి ఉంటది. కార్ల్ వైక్ అనే ప్రొఫెసర్ ఇదే మాటను చదువు చెప్పే సంస్థలకు వాడుతూ 1976లో ఒక ఫేమస్ పేపర్ రాశారు. మన కేయూ పుట్టింది కూడా 1976 ఆగస్టులోనే!

ఇప్పుడు కేయూని ఆ కళ్లతో చూడండి. సిలబస్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో ఉంటది. పెద్ద నిర్ణయాలకు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. పోస్టులకు పర్మిషన్, జీతాల గ్రాంటు ప్రభుత్వం ఇయ్యాలి. ఇంటర్నల్ మార్కులు కాలేజీ నుంచి రావాలి. పేపర్లు దిద్దేది లెక్చరర్లు. ఇందులో ఒక్కటి ఆగినా మీ మెమో ఆగుతది.

దీని లాభం కూడా ఉంది. 2024 మేలో రాష్ట్రంలో చాలా యూనివర్సిటీల వీసీల పదవీకాలం ఒకేసారి ముగిసింది. ఐఏఎస్ ఆఫీసర్లను ఇన్‌చార్జ్‌లుగా పెట్టారు, కొత్త వీసీలు అక్టోబర్‌లో వచ్చారు. దాదాపు ఐదు నెలలు! అయినా యూనివర్సిటీలకు తాళం పడలేదు. పైన సీటు ఖాళీ అయినా కింద పని నడుస్తది.

నష్టం కూడా అక్కడి నుంచే వస్తది. 2024 నవంబర్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేట్ డిగ్రీ కాలేజీలు బంద్ పెట్టాయి. ఆ డబ్బులు ఇయ్యాల్సింది ప్రభుత్వం. క్లాసులు పోయింది స్టూడెంట్‌కి. ఏ వీసీ దగ్గరా దానికి బటన్ లేదు.

మరి వీసీ ఏం చేయగలరు? మేనేజ్‌మెంట్ మీద రాసిన హెన్రీ మింట్జ్‌బర్గ్ యూనివర్సిటీని 'ప్రొఫెషనల్ బ్యూరోక్రసీ' అంటారు. పాఠం ఎట్లా చెప్పాలో ప్రొఫెసర్‌కు పైనుంచి ఆర్డర్ ఇయ్యలేం, ఆ పని వాళ్లకే తెలుసు. అందుకే మంచి లీడర్ క్లాస్‌రూమ్‌ను వదులుగానే ఉంచి, కొన్ని ముడులే గట్టిగా బిగిస్తారు: ఎగ్జామ్ క్యాలెండర్, మార్కులు అప్‌లోడ్ చేసే లాస్ట్ డేట్, రిజల్ట్ డేట్. ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో అందరికీ కనిపించాలి. మనం ఫుడ్ ఆర్డర్ ట్రాక్ చేస్తాం కదా, మెమోని ఎందుకు ట్రాక్ చేయొద్దు?

ఇక మీరు చేయాల్సింది. "రిజల్ట్ ఎప్పుడు?" అని అందరినీ అడగకండి. "నా ఇంటర్నల్ మార్కులు ఏ తేదీన పంపారు?" అని కాలేజీని అడగండి. పంపారంటే, "ఏ తేదీన అందాయి, ఇప్పుడు ఎక్కడున్నాయి?" అని ఎగ్జామినేషన్ బ్రాంచ్‌ని రాతపూర్వకంగా అడగండి. అయినా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇయ్యాలి. పీజీ అడ్మిషనో, జాబ్ జాయినింగో ఒక్క మెమో దగ్గర పోతే ఆ సంవత్సరం మళ్లీ రాదు.

మీ మెమో ఎక్కడ ఆగిందో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.