ఆర్థిక నిర్ణయాలు – మెదడు: అల్టిమేటం ఆట నేర్పే పాఠం

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు అల్టిమేటం ఆటను వివరించగలరు; మెదడు పరిశోధనలు ఆర్థిక సిద్ధాంతానికి ఎలా తోడ్పడతాయో, వాటి పరిమితులేమిటో చెప్పగలరు.

1. పరిచయం

ముందుగా ఒక పరిస్థితిని ఊహించుకోండి. మీకు పరిచయం లేని వ్యక్తికి 10 డాలర్లు ఇచ్చి, మీతో పంచుకోమన్నారు. మీకెంత ఇస్తాడో అతడు ఒక్కసారే చెబుతాడు. మీరు ఒప్పుకుంటే ఆ పంపకం అమలవుతుంది. కాదంటే ఇద్దరికీ ఏమీ దక్కదు. బేరానికి తావు లేదు. అతడు 9 డాలర్లు తనకు ఉంచుకొని, మీకు 1 డాలరు ఇస్తానన్నాడు. తీసుకుంటారా?

దీనినే అల్టిమేటం ఆట అంటారు. గూత్, ష్మిట్‌బెర్గర్, ష్వార్జ్ అనే జర్మన్ ఆర్థికవేత్తలు 1982లో దీనిని ప్రయోగంగా నిర్వహించారు. సంప్రదాయ సిద్ధాంతం ప్రకారం హేతుబద్ధ వ్యక్తి తన ప్రయోజనాన్ని గరిష్ఠం చేసుకుంటాడు. సున్నా కంటే 1 డాలరు ఎక్కువ కాబట్టి తీసుకోవాలి. కాని మొత్తంలో 20 శాతం కంటే తక్కువ ఇవ్వజూపినప్పుడు చాలామంది తిరస్కరిస్తారని తరవాతి ప్రయోగాలు చూపాయి. వీరంతా లెక్క తెలియనివారా?

2. మెదడులో కనిపించినది

2003లో శాన్‌ఫీ, ఆయన సహచరులు 19 మందిని ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి ఈ ఆట ఆడించారు. ఈ యంత్రం మెదడు భాగాలలో రక్తంలోని ఆక్సిజన్ మార్పులను కొలుస్తుంది. అన్యాయమైన పంపకం ఎదురైనప్పుడు చురుకైన భాగాలలో రెండింటిని ఇక్కడ గమనిద్దాం. ఒకటి, నొప్పి, ఏవగింపు వంటి అనుభవాలతో సంబంధమున్న ఇన్సులా. రెండవది, నుదుటి వెనుక పక్కభాగాన ఉండే ప్రీఫ్రంటల్ వల్కలం. ఇన్సులా స్పందన ఎక్కువగా ఉన్నవారు ఎక్కువసార్లు తిరస్కరించారు. అదే పంపకాన్ని కంప్యూటర్ ప్రతిపాదించినప్పుడు తిరస్కరణ తగ్గింది. డబ్బు అంతే, భాగం అంతే; మారింది ఇచ్చేవారు మాత్రమే.

దీనినిబట్టి ఇన్సులా కోపానికీ, ప్రీఫ్రంటల్ వల్కలం లాభాపేక్షకూ ప్రతినిధులనీ, వాటి మధ్య పోటీయే నిర్ణయమనీ భావించడానికి వీలు కలిగింది.

3. ఊహకు పరీక్ష

ఆ భావన నిజమైతే, ప్రీఫ్రంటల్ వల్కలం పనిని తగ్గిస్తే తిరస్కరణ పెరగాలి. 2006లో నాక్, ఆమె సహచరులు అయస్కాంత ప్రేరణతో కుడివైపు భాగం పనిని తాత్కాలికంగా మందగింపజేశారు. ఫలితం తారుమారైంది: అన్యాయమైన పంపకాలకు అంగీకారం పెరిగింది! అంటే ఆ భాగం కేవలం లాభం లెక్కించేది కాదు. చేతికందే డబ్బుపై ఆశను అదుపుచేసి, న్యాయభావనను ఆచరణలో పెట్టడానికి తోడ్పడుతుంది.

ఇంకొక విషయం గమనించండి. వారు పంపకం అన్యాయమనే చెప్పారు, అయినా ఒప్పుకున్నారు. ఎంపికను బట్టి అభిరుచిని గ్రహించవచ్చని శామ్యూల్‌సన్ సిద్ధాంతం చెబుతుంది. కాని ఒప్పుకోవడం వేరు, న్యాయమని తలచడం వేరు. తక్కువ కూలికి పనిలో చేరిన వ్యక్తిని చూసి 'ఇష్టపడే చేరాడు కదా' అనే ముందు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఎవరి మెదడునూ పరీక్షించనక్కరలేదు. వారిని అడిగితే చాలు.

4. పరిమితులు

ఇన్సులా అనేక సందర్భాలలో చురుకవుతుంది. కాబట్టి అది చురుకైనంత మాత్రాన ఫలానా ఉద్వేగమే కలిగిందని తేల్చరాదు. స్కానింగ్ చిత్రం సహసంబంధాన్ని చూపుతుంది. కారణాన్ని తెలుసుకోవడానికి 2006 నాటి ప్రయోగం వంటి జోక్యం కావాలి. కొద్దిమందితో ప్రయోగశాలలో వచ్చిన ఫలితాన్ని మార్కెట్టుకు నేరుగా అన్వయించకూడదు.

5. సారాంశం

మెదడు శాస్త్రం ఆర్థిక సిద్ధాంతానికి ప్రత్యామ్నాయం కాదు. సిద్ధాంతం ఊహించిన మనిషి, నిజమైన మనిషి ఎక్కడ వేరవుతారో, ఎందుకు వేరవుతారో వెతకడానికి అది ఒక సాధనం. 1 డాలరును కాదన్న వ్యక్తికి లెక్క తెలియక కాదు. అతని లెక్కలో డబ్బుతోపాటు న్యాయం కూడా ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కంప్యూటర్ ప్రతిపాదించినప్పుడు తిరస్కరణ ఎందుకు తగ్గి ఉండవచ్చు?
2. 2006 ప్రయోగం 2003 నాటి వివరణను ఎలా సవరించింది?
3. మీరు అన్యాయమని తెలిసీ ఒప్పుకున్న ఒక పంపకాన్ని గుర్తుచేసుకొని, కారణాలను అయిదు వాక్యాలలో రాయండి.