శివనాథ్ ఒడ్డున ఎవరినీ అడగలేదు

భిలాయ్ నుంచి పడమరకు వెళ్తూ దుర్గ్ దాటితే శివనాథ్ నది వస్తుంది. ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో, 1998లో, ఈ నదిలో 23.6 కిలోమీటర్ల భాగాన్ని 22 ఏళ్ల గడువుతో ఓ ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. బోరాయ్ పారిశ్రామికవాడకు నీళ్లు కావాలి, ఆనకట్ట కట్టడానికి సర్కారు దగ్గర డబ్బు లేదు, కట్టేవాడు దొరికాడు. ఫైలు మటుకే చూస్తే బేరం బాగానే ఉంది.

ఫైల్లో లేనివాళ్లు ఒడ్డున ఉన్నారు. వల వేసుకు బతికే జాలర్లు, వేసవిలో ఇసుక మేటల్లో పుచ్చ, దోస పండించేవాళ్లు, మోటారుతో చేలకు నీళ్లు తోడుకునే రైతులు. ఉన్నట్టుండి నదిలో దిగొద్దన్నారు, మోటార్లు తీసేయమన్నారు. గొడవ మొదలైంది. చివరికి 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రజా పద్దుల కమిటీయే ఆ ఒప్పందాన్ని రద్దు చేయమంది. సంతకాలకు ముందు ఒక్క సాయంత్రం ఆ ఊళ్ల రచ్చబండ మీద కూర్చుని ఉంటే ఇదంతా తెలిసిపోయేది. జనాన్ని అడగడమంటే వాళ్లకేదో మర్యాద చేయడమని అధికారులు అనుకుంటారు గానీ, నిజానికి అది సమాచారం రాబట్టుకోవడం.

ఉత్తరాంధ్రలోని సోంపేటలోనూ అంతే. థర్మల్ ప్లాంటుకు ఇచ్చిన నేల బీల, అంటే చిత్తడి నేల అని, ఏడాది పొడుగునా చేపలకూ పొలాలకూ అదే ఆధారమని స్థానికులు మొత్తుకున్నారు. 2010 జులైలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతి రద్దయిందీ ఆ నెలలోనే. భిలాయ్‌లో స్థిరపడ్డ ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఈ కథ కొత్తది కాదు.

పర్యావరణ ప్రభావ అంచనాపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో అందుబాటులో ఉండాలి, దాని సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలి. సభంతా వీడియో తీయాలి. రాలేనివాళ్లు అభ్యంతరాలు రాసి పంపొచ్చు. లొసుగూ ఉంది: కోరం అక్కర్లేదు, ఓటింగూ ఉండదు. టెంటు కింద పదిమందే ఉన్నా సభ జరిగినట్టే లెక్క. ఒడిశాలోని నియమగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని తోసిపుచ్చగలిగాయంటే, అది ఇలాంటి సభల బలం కాదు, దాని వెనక అటవీ హక్కుల చట్టం, సుప్రీంకోర్టు తీర్పు ఉన్నాయి.

ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టే ముసాయిదా నివేదిక చేతికొస్తే నేను ముందు తిప్పేది నీళ్ల పేజీ. ఏ వాగు నుంచి తోడతారు, మే నెలలో ఎంత, వదిలే నీరు ఏ చెరువు పక్కగా పోతుంది? ఆ చెరువు అసలు మ్యాపులో ఉందో లేదో చూసి చెప్పగలిగేది ఆ ఊరివాడే.