కూరమడికి ఫ్యాక్టరీ నీరు

వేసవిలో చెరువు ఎండి, బావి అడుగంటినప్పుడు ఊరి ప్రక్కన ఏడాది పొడవునా పారు ఫ్యాక్టరీ కాలువ రైతుకు వరమువలె కనిపించును. ఊరి మురుగు కూడ కలిసిన కాలువయైనచో తోటకూర, పాలకూర ఏపుగా పెరుగుట మీరు చూచియే యుందురు. మురుగులోని నత్రజని, భాస్వరములే దీనికి కారణము. ఎరువు ఖర్చు కలిసివచ్చినదని సంతోషించుటకు ముందు ఆ నీటిలో ఇంకేమున్నదో విచారింపవలెను.

ఊరి మురుగు వలన ఏలికపాములు, విరేచనములు వచ్చును. కూరను బాగుగా ఉడికించినచో ఆ క్రిములు చచ్చును. ఫ్యాక్టరీ నీటి సంగతి వేరు. లోహపు పూత వేయు కార్ఖానాలు, తోళ్ళ శుద్ధి, రంగులు, బ్యాటరీల పరిశ్రమలు వదలు నీటిలో కాడ్మియం, సీసము, క్రోమియం, నికెల్ వంటి లోహములు ఉండవచ్చును. ఎంత ఉడికించినను ఇవి నశించవు. ఆకుపై అంటిన మట్టి కడిగినచో పోవును గాని, వేరు ద్వారా ఆకులోనికి ఎక్కిన కాడ్మియం పోదు. కనుక జాగ్రత్త వంటింటిలో కాదు, మీ మడిలోనే పడవలెను.

కాడ్మియంను ఆకుకూరలు ఎక్కువగా పీల్చుకొనును. ముల్లంగి, క్యారెట్ వంటి దుంపలకును ముప్పు కలదు. వంగ, టమాటా, బీర, సొరకాయలలోనికి తక్కువగా చేరును; తక్కువ అనగా బొత్తిగా లేదని కాదు. సాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము కాడ్మియం మించరాదని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో సూచించినది. ఇంత స్వల్పమైన పాలు కంటికి కనబడదు. నీరు తేటగా నున్నదని నమ్మరాదు.

తిన్న కాడ్మియం మూత్రపిండములలో చేరి ఏండ్ల తరబడి నిలిచియుండును. జపానులోని టొయామా ప్రాంతములో గని వ్యర్థములు జింజూ నదిలో కలిసి, ఆ నీరు వరిపొలములకు పారినది. ఆ బియ్యము తిన్నవారికి, ముఖ్యముగా నడివయసు దాటిన స్త్రీలకు, మూత్రపిండములు చెడి ఎముకలు బలహీనమై విరిగిపోయినవి. ఆ బాధకు "ఇటాయి ఇటాయి", అనగా "అబ్బా నొప్పి", అనునదే రోగము పేరైనది. అది కాలుష్యము వలన వచ్చిన రోగమేనని జపాను ప్రభుత్వము 1968లో ఒప్పుకొన్నది.

అంత దూరము పోనక్కరలేదు. పటాన్‌చెరు పరిశ్రమల మురుగు ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీర వైపు పారుటపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము నడచినది. అచ్చటి శుద్ధి కేంద్రము వదలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ఒక పరిశోధన వెల్లడించినది. ఆ మందు మింగిన రోగి రక్తములో కూడ అంత ఉండదు. శుద్ధి చేసిన నీరే గదా యనుటకు వీలులేదు.

కాలువ నీరు తప్ప గతిలేని రైతుకు ఈ మాటలు చెప్పుట సులభమే, ఆచరించుట కష్టము. కాని ఇంటి కూరకు బావినీరు, సంత కూరకు కాలువ నీరు పెట్టుచున్నచో ఆ నీటి సంగతి మీకు తెలిసియున్నట్లే. అట్టి నేలలో ఆకుకూరలు, దుంపలు మానవలెను. పశుగ్రాసము కూడ వేయరాదు. బంతి, చేమంతి వంటి పూలు, సరుగుడు, నీలగిరి వేసికొనవచ్చును. ఆమ్ల గుణముగల నేలకు సున్నము వేసినచో పైరు కాడ్మియంను తక్కువగా పీల్చును. లోహము మాత్రము నేలలోనే ఉండును. నీరు మాన్పినను అది ఏండ్ల తరబడి పోదు. ఆ నీటిలో దిగి పనిచేయువారికి చర్మముపై దురద, పుండ్లు రావచ్చును. రబ్బరు బూట్లు తొడుగుకొనవలెను.

నేల ఆరోగ్య పత్రములోని 12 పరీక్షలలో కాడ్మియం, సీసము లేవు. పత్రము బాగున్నదని ధైర్యపడక, భార లోహముల పరీక్ష కావలెనని విడిగా అడుగవలెను. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ కాలువ నీటితోనే మూడుసార్లు తొలిచి నింపుడు. తేదీ, వేళ, చోటు వ్రాసి అంటింపుడు. నీటి రంగో వాసనో మారిన వేళ మరొక సీసా పట్టుడు. మడిలో నాలుగైదు చోట్ల ఆరంగుళముల లోతు మట్టి తీసి కలిపి, నీటితోపాటు పంపుడు. వాగులలోనికి, బావులలోనికి విషపు నీరు వదలుటను 1974 నాటి జల కాలుష్య చట్టము నిషేధించినది. గ్రామాధికారులు రైతుల సంతకములతో కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయునప్పుడు ఈ పరీక్షా ఫలితములు జతపరచవలెను.