క్రొత్తగా కూర్చిన కంప్యూటరు మేలుకొననిచో

విడిభాగములు తెప్పించి మా పాఠశాలలోనే కూర్చిన కంప్యూటరు, మీట నొక్కగానే నడచునని మేమందరము తలంచితిమి. నొక్కితిమి. పంకాలు ఒక్క క్షణము తిరిగి నిలిచిపోయెను. మరల నొక్కినను అంతే. అందరి చూపులును ప్రాసెసరు నమర్చిన విద్యార్థిపై పడెను. సాకెట్టులోని సన్నని సూదులు వాని చేత వంగియుండునని, నిజము చెప్పవలెనన్న, మేమును అనుమానించితిమి. తల్లిదండ్రుల చందాలతో కొన్న వస్తువగుటచే ఆ బాలుడు నాడు భోజనమునకైనను పోలేదు.

ఇట్టి సమయమున విద్యుత్తు ఎందాక వచ్చుచున్నదో మొదట తెలిసికొనవలెను. పవర్ సప్లయి వెనుకనున్న చిన్న మీటను మరచువారు పెక్కురు. పిదప మదర్‌బోర్డునకు రెండు తీగకట్టలు వేరువేరుగా చేరవలెను. 24 సూదుల పెద్దది బోర్డునకు, 8 సూదుల చిన్నది ప్రాసెసరునకు. రెండవది లేనిచో సాధారణముగా పంకాలు తిరుగుచునే యుండును గాని తెరపై నేమియు కానరాదు. ర్యామ్ పలక గట్టిగా కూర్చుండనప్పుడును ఇదియే గతి. డీడీఆర్5 ర్యామ్ గలవారు మాత్రము తొందరపడరాదు. మొదటిసారి బోర్డు దానిని సరిచూచుకొనుటకు కొన్ని నిమిషములు పట్టవచ్చును. అందాక తెర నల్లగనే యుండును.

మా యంత్రము తిరిగి ఆగుచున్నది గదా! ఎక్కడనైన షార్టు సర్క్యూటు కలిగినచో పవర్ సప్లయి తనంతట తానే ఆగిపోవును. కావున గోడ ప్లగ్గు ఊడదీసి, బోర్డును పెట్టెనుండి వెలికి తీసి, అట్టపై నుంచి, ప్రాసెసరును, దాని పంకాను, ఒక్క ర్యామ్ పలకను మాత్రము మిగిల్చితిమి. మానిటరును బోర్డునకే తగిలించి, మరల విద్యుత్తు నిచ్చి, మీట తీగ తగిలించు రెండు సూదులను స్క్రూడ్రైవరు మొనతో క్షణకాలము కలిపితిమి. పంకా ఆగలేదు. తెరపై అక్షరములు వచ్చెను!

ప్రాసెసరు నిర్దోషి, దోషము పెట్టెలోనిది. బోర్డు ఇనుప పలకను తాకకుండ ఎత్తి నిలుపు ఇత్తడి మరలు 9 చాలియుండగా 10 ఉండెను. బోర్డునకు రంధ్రము లేని చోట బిగించిన ఆ పదియవది, వెనుకనున్న టంకపు మొనలను తాకుచుండెను. ఆ మరలను బిగించినవారము ఉపాధ్యాయులమైన మేమే.

అందరి యెదుటను ఆ విద్యార్థిని క్షమాపణ కోరితిమి. బోర్డును మరల పెట్టెలో నమర్చిన పిదప మీట నొక్కినవాడు అతడే.